రాళ్లు పాతవి, యాత్ర మాత్రం క్రైస్తవానిదే

స్పెయిన్ దేశపు వాయువ్య మూలన, గలీసియా ప్రాంతంలో ఉన్న శాంటియాగో డి కాంపోస్టెలా నగరానికి 2024లో దాదాపు 5 లక్షల మంది యాత్రికులు చేరుకున్నారు. వీరిలో అత్యధికులు కాలినడకన వచ్చినవారే. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన యాకోబు సమాధి అక్కడి కేథడ్రల్ కింద ఉందన్న నమ్మకమే ఈ యాత్రకు ఆధారం. కామినో అని ప్రపంచమంతా పిలుచుకునే ఈ దారి చివరకు వచ్చాక కొందరు కేథడ్రల్ దగ్గర ఆగరు. మరో 90 కిలోమీటర్లు నడిచి అట్లాంటిక్ ఒడ్డున ఫినిస్టెర్రె అనే కొండకొమ్ముకు వెళతారు. అసలు యాత్ర అక్కడికేనని వారి నమ్మకం. క్రీస్తు పుట్టకముందే సెల్టు జాతులు ఆకాశంలో పాలపుంతను చూసుకుంటూ పడమటికి నడిచేవారనీ, భూమి అంచున సముద్రంలోకి దిగే సూర్యుడికి మొక్కేవారనీ, చర్చి ఆ దారిని చేజిక్కించుకుని యాకోబు పేరు పెట్టిందనీ ఎన్నో పుస్తకాలు, యాత్రా సంస్థల కరపత్రాలు చెబుతున్నాయి. వినడానికి ఇంపైన ఈ కథలో సగం నిజం. ఆ దారి పొడవునా క్రైస్తవం కంటే పాతవైన స్థలాలు, ఆచారాలు ఉన్నాయి. కానీ వాటన్నిటినీ కలుపుతూ ఒక ప్రాచీన యాత్ర సాగిందనడానికి ఆధారం లేదు. ఈ రెంటినీ విడదీసి చూడకపోవడం వల్లే గందరగోళం పుడుతోంది.

ముందుగా నిజమైన సగాన్ని చూద్దాం. ఫ్రాన్సు సరిహద్దు నుంచి వచ్చే ప్రధాన మార్గం బుర్గోస్, ఆస్తోర్గా పట్టణాల మధ్య చాలాచోట్ల రోమన్ల రాతిబాట మీదుగానో, దాని పక్కనుంచో పోతుంది. నేటి ఫ్రాన్సులోని బోర్డో నుంచి ఆస్తోర్గా వరకు రోమన్లు వేసిన రహదారి వారి ప్రయాణ పట్టికల్లో స్పష్టంగా నమోదై ఉంది. ఆస్తోర్గా అప్పట్లో అస్తూరికా అగస్టా అనే ముఖ్యపట్టణం. దానికి పడమర దిక్కున లాస్ మెదులాస్ బంగారు గనులుండేవి. ఏరులను మళ్లించి, ఆ నీటి ఒత్తిడితో కొండలనే కూల్చి అక్కడ బంగారం తీసేవారు. స్పెయిన్ వాయువ్య ప్రాంతాల నుంచి ఏడాదికి 20,000 పౌండ్ల బంగారం వచ్చేదని కొందరు చెప్పుకునేవారని ఒకటో శతాబ్దపు రచయిత ప్లినీ రాశాడు. ఆయన ఆ రాష్ట్రంలో ఆదాయ వ్యవహారాలు చూసిన అధికారి కూడా. అంటే యాత్రికులు నడిచిన బాటలో పెద్ద భాగం వారికంటే వెయ్యేళ్ల ముందే సిద్ధంగా ఉంది. అయితే దాన్ని వేసింది సైన్యం నడవడానికి, బంగారం తరలించడానికి, పన్నులు వసూలు చేయడానికి. బాట పాతది కావడం ఒక సంగతి, దాని మీద భక్తితో నడవడం పాతది కావడం మరో సంగతి. మొదటిదానికి రాతి సాక్ష్యం ఉంది కదా అని రెండోదానికి కూడా ఉన్నట్టు రాసేయడం ఈ చర్చలో తరచూ జరిగే పొరపాటు.

అలాగని ఆ నేల మీద భక్తి లేదని కాదు. రోమన్ల కాలంలో బాటసారులను కాపాడే దారి దేవతలకు బలిపీఠాలు నిలిపేవారు. లారెస్ వియాలెస్ అనే ఆ దేవతల శాసనాలు రోమన్ సామ్రాజ్యం మొత్తంలో ఈ వాయువ్య మూలనే ఎక్కువగా దొరికాయి. ఆరో శతాబ్దంలో బ్రాగా బిషప్పు మార్టిన్ పల్లెజనం దురాచారాలను సరిదిద్దాలంటూ ఒక ప్రబోధం రాశాడు. రాళ్ల దగ్గర, చెట్ల దగ్గర, ఊటల దగ్గర, దారులు కలిసే చోట దీపాలు వెలిగించడాన్ని అందులో తిట్టిపోశాడు. నాలుగు దారుల కూడలి దాటేవారు మెర్క్యురీ దేవుడికి బలిగా ఒక్కో రాయి విసిరి కుప్పలు పోస్తున్నారని కూడా ఆక్షేపించాడు. ఆ ప్రబోధాన్ని ఆయన రాసి పంపింది ఎవరికో కాదు, ఆస్తోర్గా బిషప్పు పొలేమియస్‌కే. ఈనాడు అదే ఆస్తోర్గాకు పడమర కొండల మీద, సుమారు 1,500 మీటర్ల ఎత్తున, ఒక పెద్ద రాళ్లగుట్టలో నాటిన కర్రస్తంభం పైన ఇనుప శిలువ ఉంది. ప్రతి యాత్రికుడూ అక్కడ ఒక రాయి వేసి ముందుకు సాగుతాడు. కోతల కాలంలో కాస్టిల్ మైదానాలకు వలసపోయే గలీసియా కూలీలకూ ఆ దారిలో రాయి వేసే అలవాటు ఉండేది. ఈ ఒక్క గుట్ట రోమన్ల నాటిదని తవ్వకాలు తేల్చలేదు. కానీ బాటసారి రాయి వేయడమనే ఆచారం ఆ ప్రాంతంలో ఉన్నట్టు 1,400 ఏళ్ల నాటి లిఖిత సాక్ష్యం ఉంది, అదీ దాన్ని మాన్పించాలని చూసిన మనిషి రాసింది. క్రైస్తవానికి ముందటి మూలాలు కావాలనేవారికి ఇంతకంటే బలమైన ఆధారం ఈ దారిలో మరొకటి లేదు.

సముద్రతీరానికి వెళితే ఇలాంటివి ఇంకా కనిపిస్తాయి. ఫినిస్టెర్రెకు ఉత్తరాన ముషియా అనే రేవు ఊరిలో మరియమాత గుడి ముందు అలలు తాకే బండలున్నాయి. వాటిలో ఒకటి మనుషులు ఎక్కి తొక్కితే ఊగేదని ప్రతీతి. మరొకదాని కిందనుంచి దూరి వెళితే నడుంనొప్పి, కీళ్లనొప్పులు పోతాయని జనం నమ్మకం. మరియమాత ఎక్కివచ్చిన రాతి పడవ ముక్కలే ఈ బండలని స్థలపురాణం చెబుతుంది. ఫినిస్టెర్రె కొండ మీది సెయింట్ గిలెర్మో ఆశ్రమ శిథిలాల్లో ఒక రాతి పడక ఉండేదనీ, పిల్లలు లేని దంపతులు దాని మీద పడుకుంటే సంతానం కలుగుతుందని నమ్మేవారనీ 18వ శతాబ్దపు పండితుడు, బెనెడిక్టైన్ సన్యాసి మార్టిన్ సర్మియెంతో నమోదు చేశాడు. యాకోబు దేహాన్ని తెచ్చిన పడవను కట్టేశారని చెప్పే రాయి పద్రోన్ చర్చిలో ప్రధాన పీఠం కింద భద్రంగా ఉంది. అది నిజానికి రోమన్ల బలిపీఠం, నెప్ట్యూన్ దేవుడికి అంకితం చేసిందని పలువురు పండితుల అభిప్రాయం. ఇంకా దక్షిణాన మోంతె దో ఫాచో కొండ మీద బెరోబ్రెయో అనే స్థానిక దేవుడికి జనం సమర్పించిన రాతి పీఠాలు వందకు పైగా బయటపడ్డాయి. ఆ కొండ కూడా అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన కొమ్మే. అక్కడికి మొక్కులు తీర్చుకోవడానికి జనం వచ్చేవారనడంలో సందేహం అక్కర్లేదు. ఉత్తర తీరంలో సాన్ ఆంద్రేస్ దె తెయిషీదో అనే చోటు గురించి ఇంకో నమ్మకముంది. బతికుండగా ఆ గుడికి వెళ్లనివారు చచ్చాకైనా వెళ్లి తీరాలట. అందుకే దారిలో కనిపించే పామునూ తొండనూ చంపకూడదంటారు, అది యాత్రకు బయలుదేరిన ఆత్మ కావచ్చు మరి. ఇలాంటి నమ్మకం బైబిలు నుంచి పుట్టిందని ఎవరూ అనలేరు.

ఇక్కడిదాకా ప్రాచీన మూలాల వాదులతో పేచీ లేదు. పేచీ తర్వాతి అడుగుతో మొదలవుతుంది. పైన చెప్పినవన్నీ స్థానిక క్షేత్రాలు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఒకటి రెండు రోజుల్లో వెళ్లివచ్చే చోట్లు. ఐరోపా నలుమూలల నుంచి వందల కిలోమీటర్లు నడిచి ఒకే చోటికి చేరే మహాయాత్ర దానికి పూర్తిగా భిన్నమైన వ్యవహారం. ఆ యాత్ర ఎప్పుడు, ఎందుకు, ఎవరివల్ల మొదలైందో మనకు చాలావరకు తెలుసు. 820, 830 ప్రాంతాల్లో ఇరియా బిషప్పు తెయొదొమీరో ఒక పాత సమాధిని యాకోబుదని ప్రకటించాడు. అస్తూరియాస్ రాజు రెండో అల్ఫోన్సో దానిపై చిన్న చర్చి కట్టించాడు. దక్షిణాన కార్డోబా ముస్లిం పాలకులు బలంగా ఉన్న రోజులవి. ఉత్తరాన కొండల్లో ఒదిగి ఉన్న చిన్న క్రైస్తవ రాజ్యానికి ఒక అపొస్తలుడి అండ అత్యవసరం. యాకోబును స్పెయిన్ రక్షకుడిగా కీర్తించడం సమాధి బయటపడటానికి ముందే, ఎనిమిదో శతాబ్దం చివర అదే రాజ్యంలో మొదలైంది. ఇక దారి సంగతి చూడండి. మొదట్లో యాత్రికులు రాజధాని ఒవియేదో నుంచి లూగో మీదుగా కొండదారిలో వచ్చారు. 951 నాటికి ఫ్రాన్సులోని లె పుయి బిషప్పు గొడెస్కాల్క్ లాంటి దూరదేశపు యాత్రికులూ వచ్చారు. ఇప్పుడు ప్రసిద్ధమైన దక్షిణ మార్గం 11వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. క్రైస్తవ రాజ్యాల సరిహద్దు కిందికి జరిగి, మైదానాల్లో నడక సురక్షితమయ్యాక నవార్ రాజు మూడో సాంచో, ఆ తర్వాత ఆరో అల్ఫోన్సో బాటలు బాగుచేయించారు, వంతెనలు కట్టించారు, క్లూనీ మఠం సన్యాసులకు చోటిచ్చారు. దారి ఇలా రాజ్యపు హద్దులతోపాటు జరుగుతూ వచ్చింది. అనాది పవిత్ర మార్గమే ఉండి ఉంటే మొదటి యాత్రికులు దాన్ని వదిలి కొండలెక్కి ఎందుకు వచ్చినట్టు?

పాలపుంత వాదన ఇంకా బలహీనం. యాకోబు కలలో కనిపించి, ఫ్రీజియా సముద్రం నుంచి గలీసియా దాకా పరుచుకున్న నక్షత్రాల బాటను చార్లెమేన్ చక్రవర్తికి చూపించాడన్న కథ 12వ శతాబ్దపు కోడెక్స్ కాలిక్స్టినస్ అనే గ్రంథంలో ఉంది. చార్లెమేన్ 814లోనే చనిపోయాడు. సమాధి బయటపడింది ఆ తర్వాత. గలీసియాకు ఆయన ఎన్నడూ వెళ్లలేదు. యాత్ర ఘనతను పెంచడానికి చర్చి వర్గాలే అల్లిన కథను ఈనాడు చర్చికి ముందటి ఆచారానికి రుజువుగా చూపించడం వింత. పాలపుంతకు యాత్రల పేరు పెట్టడం కూడా గలీసియాకే పరిమితమైన విషయం కాదు. తుర్కులు దాన్ని హాజీల దారి అన్నారు. ఇంగ్లండులో మరియమాత క్షేత్రం పేరిట వాల్సింగ్‌హామ్ దారి అన్నారు. జనం నేల మీది దారిని చూసి ఆకాశానికి పేరు పెడతారు. ఆ పేరును పట్టుకుని ఆకాశాన్ని చూసే నేల మీద దారి వేశారనడం తలకిందుల తర్కం. ఫినిస్టెర్రెలో ఉండేదని చెప్పే సూర్యుడి బలిపీఠం సంగతీ అంతే. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గలీసియా మీదికి దండెత్తిన రోమన్ సేనాని డెసిమస్ బ్రూటస్, సముద్రంలో సూర్యుడు మునగడం చూసి అపచారం చేశానేమోనని భయపడ్డాడని చరిత్రకారుడు ఫ్లోరస్ రాశాడు. అందులో బలిపీఠం ప్రస్తావనే లేదు. ఆ వాయువ్య తీరంలో ఉన్నాయని రోమన్ భూగోళ రచయితలు పేర్కొన్న పీఠాలు సెస్టియస్ అనే అధికారి అగస్టస్ చక్రవర్తి పేరిట నిలిపినవి. అవి అధికార చిహ్నాలు. ఫినిస్టెర్రె సూర్యపీఠం కథ మధ్యయుగం దాటాక వచ్చిన రచనల్లోనే ఊపందుకుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. సెల్టులు గ్రంథాలు రాయలేదు, రాసినవాళ్లంతా వారి శత్రువులు, చర్చి మిగతా ఆనవాళ్లను చెరిపేసింది, కాబట్టి ఆధారం లేకపోవడాన్ని యాత్ర లేకపోవడంగా తీసుకోకూడదు అంటారు. సాధారణంగా ఇది న్యాయమైన హెచ్చరికే. గెలిచినవాళ్లు రాసిన చరిత్రను ఎంతవరకు నమ్మవచ్చో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఇక్కడ అది నిలవదు. రాత తెలియని జనం కూడా మొక్కుబడులు వదిలి వెళతారు. మోంతె దో ఫాచో పీఠాలే అందుకు సాక్ష్యం. దూరదేశాల నుంచి శతాబ్దాలపాటు జనం నడిచి వస్తే దారి పొడవునా ఇతర ప్రాంతాల వస్తువులు, నాణేలు, సమర్పణలు పొరలు పొరలుగా మిగలాలి. ఫినిస్టెర్రెలో అలాంటి నిధి ఇప్పటిదాకా బయటపడలేదు. ఇక శత్రువుల రాతల మాటకొస్తే, అవి మౌనంగా ఉన్నాయా అంటే లేవు. మార్టిన్ ప్రబోధం ఏ చెట్టు, ఏ ఊట, ఏ కూడలి అని వివరంగా జాబితా ఇచ్చింది. 681లో, 693లో టొలేడో నగరంలో కూడిన బిషప్పుల సభలు రాళ్లను కొలిచేవారినీ, ఊటలకు చెట్లకు మొక్కేవారినీ మళ్లీ ఖండించాయి. ఇంత సూక్ష్మంగా తప్పులు పట్టినవారు వేలాది మంది సూర్యుడి కోసం పడమటికి నడుస్తుంటే ఒక్క మాటైనా అనకుండా వదిలేస్తారా? మామూలుగా మౌనం రుజువు కాదు. కానీ నోరు మెదపాల్సిన చోట నోరున్న సాక్షులు పాటించిన మౌనానికి విలువ ఉంటుంది.

రెండో అభ్యంతరం చర్చి విధానం గురించి. ఇంగ్లండులో అన్యదేవతల గుళ్లను కూల్చవద్దనీ, విగ్రహాలు తీసేసి, పవిత్రజలం చల్లి వాటినే చర్చిలుగా మార్చమనీ పోపు మొదటి గ్రెగరీ 601లో లేఖ పంపాడు. అక్కడ చేసింది కాంపోస్టెలాలో చేయలేదని ఎలా చెప్పగలం అంటారు. చెప్పగలం, ఎందుకంటే అక్కడ తవ్వి చూశారు. 1946 నుంచి 1959 వరకు కేథడ్రల్ నేల కింద జరిగిన తవ్వకాల్లో బయటపడింది శ్మశానం. రోమన్ కాలపు సమాధి గది, దాని చుట్టూ ఆ తర్వాత సుయేవీ రాజుల కాలం దాకా సాగిన ఖననాలు కనిపించాయి. గుడి ఆనవాలు దొరకలేదు. మన దగ్గర పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. గుడి వెనక భాగం గజపృష్ఠాకారంలో ఉండటం చూసి, అది ఒకనాటి బౌద్ధ చైత్యమని చరిత్రకారులు చాలామంది నిర్ధారణకు వచ్చారు. అక్కడ కట్టడమే సాక్ష్యం చెబుతోంది. కాంపోస్టెలాలో కట్టడం అలాంటి సాక్ష్యం ఇవ్వడం లేదు. ఒకచోట జరిగిన మార్పిడి మరోచోట జరిగి ఉండవచ్చన్న అనుమానానికి దారితీస్తుందే తప్ప, జరిగిందనడానికి రుజువు కాదు.

చర్చి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నారన్న మాట ఎలాగూ వస్తుంది. అందుకే అదే కొలబద్దతో చర్చి చెప్పే కథనూ కొలవాలి. అది అంతకంటే ఘోరంగా ఓడిపోతుంది. హేరోదు యాకోబును కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతోంది. ఆ చావు దాదాపు క్రీస్తుశకం 44లో, యెరూషలేములో. ఆయన స్పెయిన్‌లో బోధించాడన్న ప్రస్తావన ఏడో శతాబ్దానికి ముందు కనిపించదు. దేహం గలీసియాకు ఎలా వచ్చిందంటే రాతి పడవలో వచ్చిందన్న అద్భుతకథ తప్ప వేరే సమాధానం లేదు. దాదాపు 800 ఏళ్ల అంతరాన్ని పూడ్చే పత్రం గాని, శాసనం గాని లేదు. 16వ శతాబ్దం చివర ఇంగ్లిషు నౌకాదళం దాడికి భయపడి దాచిపెట్టిన ఎముకలు మళ్లీ 1879లో దొరికితే, 1884లో పోపు పదమూడో లియో వాటిని యాకోబువేనని ధ్రువీకరించాడు. అది విశ్వాసపు నిర్ణయమే గాని చరిత్ర నిర్ణయం కాదు. ఆ సమాధి 385లో ట్రియర్ నగరంలో మరణశిక్షకు గురైన ప్రిసిలియన్‌ది కావచ్చని ఫ్రెంచి చరిత్రకారుడు లూయీ డ్యూషేన్ 1900లో సూచించాడు. ఆయన స్వయంగా కాథలిక్ మతగురువు. ప్రిసిలియన్ కూడా క్రైస్తవ బోధకుడే కాబట్టి, ఆ ఊహ నిజమైనా యాత్ర మూలం క్రైస్తవానికి వెనక్కి పోదు. యాత్రను పుట్టించింది క్రైస్తవ నమ్మకమని ఒప్పుకోవడానికి ఆ నమ్మకం నిజమని ఒప్పుకోనక్కర్లేదు.

అయితే సెల్టుల యాత్ర కథ ఎక్కడ పుట్టింది? దానికీ ఒక కాలం, ఒక అవసరం ఉన్నాయి. 19వ శతాబ్దంలో గలీసియా భాషకూ సంస్కృతికీ మాడ్రిడ్ ముందు గౌరవం సంపాదించాలని తపించిన మేధావులు తమది కాస్టిల్ కంటే పాతదైన సెల్టు వారసత్వమని చాటారు. మాన్యుయెల్ ముర్గియా 1865 నుంచి వెలువరించిన గలీసియా చరిత్ర వారికి ఆకరగ్రంథమైంది. 1980ల్లో ఓ సెబ్రేయిరో ఊరి ఫాదర్ ఎలియాస్ వలీన్యా దారి పొడవునా పసుపు బాణాలు గీసి యాత్రకు మళ్లీ ప్రాణం పోశాడు. 1987లో ఐరోపా మండలి దీన్ని తొలి ఐరోపా సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1993లో స్పెయిన్‌లోని మార్గం యునెస్కో జాబితాలో చేరింది. 1986లో కొద్ది వేలకు మించని యాత్రికుల సంఖ్య లక్షలకు చేరింది. వారిలో చర్చికి దూరమైన యూరోపియన్లు చాలామంది. నడక కావాలి, పవిత్రత కావాలి, మతం మాత్రం వద్దనేవారికి చర్చి కంటే పాతదైన మూలం ఒకటి అవసరమైంది. ఫినిస్టెర్రెలో బూట్లు, బట్టలు తగలబెట్టే అలవాటు ఇటీవలి దశాబ్దాల్లో పుట్టింది. అదీ అనాది ఆచారంగా చలామణి అవుతోంది. తొమ్మిదో శతాబ్దపు రాజుకు అపొస్తలుడు అవసరమయ్యాడు, 19వ శతాబ్దపు జాతీయవాదికి సెల్టు అవసరమయ్యాడు, నేటి యాత్రికుడికి సూర్యుడు అవసరమయ్యాడు. ముగ్గురూ తమ కాలపు కోరికనే దారి మొదట్లో నిలబెట్టారు.

దీనివల్ల నష్టమేమిటని అడగవచ్చు. ఎవరి నమ్మకంతో వారు నడుస్తారు, నడవనివ్వండి అనవచ్చు. నడకకు ఎవరూ అడ్డురారు. నష్టం రెండు వైపులా ఉంది. ఒకటి, లేని మహాయాత్ర కథ ఉన్న చిన్న సంప్రదాయాలను మింగేస్తుంది. బెరోబ్రెయో కొండకు మొక్కులు మోసుకెళ్లిన పల్లెజనం, ముషియా బండ కింద దూరిన జాలరి, కొండ మీద రాయి వేసిన కోత కూలీ నిజమైన మనుషులు. వారి ఆచారాలకు ఆధారాలున్నాయి. నక్షత్రాల వెంట నడిచిన ఊహా సెల్టు ముందు వారు కనిపించకుండా పోతున్నారు. రెండోది, ఎవరు ముందున్నారో తేలితే ఆ చోటు వారిదేనన్న తర్కం ఈ కథల్లో దాగి ఉంటుంది. పాతదే అసలుది, తర్వాత వచ్చినదంతా దొంగ సొత్తు అన్న ఆ తర్కం ఎక్కడికి దారితీస్తుందో మన దేశంలో ప్రార్థనాస్థలాల కింద పునాదులు వెతుకుతూ కోర్టుల చుట్టూ తిరుగుతున్న వివాదాలు రోజూ చూపిస్తున్నాయి. ఏ పుణ్యక్షేత్రం గురించైనా ఇలాంటి వాదన ఎదురైతే మూడు విషయాలు వేరువేరుగా అడగాలి. ఆ చోటు పాతదా, అక్కడి ఆచారం పాతదా, ఆ ఆచారం తెగకుండా నేటిదాకా వచ్చిందా? యాకోబు దారి విషయంలో మొదటి ప్రశ్నకు అవునని, రెండోదానికి కొన్ని చోట్ల అవునని, మూడోదానికి లేదని సమాధానం. చర్చిని ఏ సాక్ష్యం అడుగుతామో, చర్చి కంటే తామే ముందని చెప్పేవారినీ అదే సాక్ష్యం అడగాలి.